కొవ్వు: గర్వానికి మన భాషలు పెట్టిన ఒక పాత పేరు

గర్వానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. గర్వం, అహంకారం, దర్పం, మదం అనేవి సంస్కృతం నుంచి వచ్చి మన భాషలో స్థిరపడ్డాయి. పొగరు, బలుపు, నిక్కు, మిడిసిపాటు, కొవ్వు అనేవి ఇంట్లో, వీధిలో, పొలంలో వినబడే మాటలు. మొదటి జట్టు మాటలను పాఠ్యపుస్తకాలు నేర్పుతాయి. రెండో జట్టు మాటలను తిట్లుగానే నేర్చుకుంటాం. తిట్టుగా నేర్చుకున్న మాటకు చరిత్ర ఉంటుందని మనకు తోచదు. ఈ వ్యాసంలో 'కొవ్వు' అనే మాటను తీసుకుని, అది ఎక్కడి నుంచి వచ్చింది, గర్వానికి పేరు ఎలా అయింది, ఎవరు ఎవరి మీద ప్రయోగిస్తున్నారు అనే మూడు ప్రశ్నలను పరిశీలిద్దాం.

ఈ మాటనే ఎంచుకోవడానికి కారణం ఉంది. హోసూరులోనో మధురలోనో చదువుకునే తెలుగు విద్యార్థి రోజూ తమిళంలో దీని తోబుట్టువును వింటాడు. బళ్లారిలోనో కోలారులోనో ఉన్న విద్యార్థి కన్నడంలో వింటాడు. తెలుగు ఒక్కటే వచ్చినవారికి నిఘంటువు వెతికితే గాని తెలియని సంగతి, రెండు భాషల మధ్య పెరిగినవారికి చెవిలోనే ఉంది. దాన్ని గుర్తుపట్టడమే తరువాయి.

రెండు అర్థాలు

'కొవ్వు' అంటే మొదటి అర్థం మేదస్సు. మాంసంలో ఉండేది, ఒంట్లో పేరుకునేది. కొవ్వుతో చేసిన వత్తి కాబట్టి కొవ్వొత్తి అయింది. ఇప్పుడు మైనంతో చేస్తున్నా పేరు మాత్రం పాతదే. రెండో అర్థం పొగరు. "వాడికి కొవ్వెక్కింది", "ఒళ్ళు కొవ్వెక్కి మాట్లాడుతున్నావు", "నీ కొవ్వు కరిగిస్తా" అన్నప్పుడు ఎవరూ బరువు గురించి మాట్లాడటం లేదు. బక్కచిక్కిన మనిషిని కూడా కొవ్వెక్కిందని తిట్టవచ్చు. అంటే రెండో అర్థం మొదటిదాని నుంచి పూర్తిగా విడిపోయి సొంతంగా నిలబడిందన్నమాట. అయినా క్రియలు మాత్రం పాత సంబంధాన్ని వదల్లేదు. కొవ్వు ఎక్కుతుంది, పడుతుంది, కరుగుతుంది, దిగుతుంది. గర్వాన్ని 'అణచాలి', కొవ్వును 'కరిగించాలి'.

నిఘంటువులు ఈ రెండు అర్థాలనూ చాలాకాలంగా నమోదు చేస్తూ వచ్చాయి. 1852లో వచ్చిన బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో రెండూ ఉన్నాయి. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం ఈ మాట పాత రూపమైన 'క్రొవ్వు'ను చూపి, దానికి మదమనే అర్థం కూడా ఇస్తుంది. కావ్యభాషలో 'క్రొవ్వు' నామవాచకమే కాదు, క్రియ కూడా. క్రొవ్వి అంటే మదించి, విర్రవీగి అని.

పొరుగు భాషల సాక్ష్యం

ఇప్పుడు పొరుగు రూపాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. తమిళంలో ఉన్న ప్రత్యేకమైన 'ఴ' ధ్వనిని ఇక్కడ ఆ అక్షరంతోనే రాస్తున్నాం. ఇది ఒకప్పుడు తెలుగు శాసనాలలోనూ ఉన్న అక్షరమే. నన్నయ కాలానికి, అంటే 11వ శతాబ్దికి, ఆ ధ్వని సాహిత్య భాషలో లేకుండా పోయింది. అక్షరం కూడా మరుగున పడింది. 2014లో యూనికోడ్ తెలుగు పట్టికలో చేరడంతో మళ్ళీ అచ్చులో వాడే వీలు కలిగింది.

తమిళంలో 'కొఴు' అంటే బలియు, కొవ్వు పట్టు, ఏపుగా పెరుగు అని అర్థాలు. దాని నుంచి వచ్చిన 'కొఴుప్పు'కు మేదస్సు, పొగరు అనే రెండు అర్థాలూ ఉన్నాయి. అచ్చం మన కొవ్వు లాగానే. కన్నడంలో 'కొబ్బు', దానికీ అవే రెండు అర్థాలు. హళగన్నడంలో ఇది కొర్వు, కొర్బు అనే రూపాల్లో కనిపిస్తుంది. బరో, ఎమెనోలు 1961లో ప్రచురించి, 1984లో రెండో కూర్పు తెచ్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ మాటలన్నిటినీ ఒకే కుదురు కింద చేర్చింది.

కొఴుప్పు, కొబ్బు, క్రొవ్వు పైకి చూస్తే అంత దగ్గరగా కనిపించవు. వీటి బంధుత్వం తేల్చడానికి ఇంకొక మాట సాయం తీసుకోవాలి. తమిళంలో 'పొఴుదు', తెలుగులో 'ప్రొద్దు', హళగన్నడంలో 'పొఴ్తు, పొర్తు', నేటి కన్నడంలో 'హొత్తు'. నాలుగూ ఒకే మాట. ఇందులో జరిగిన మార్పు చూడండి. తమిళంలో అచ్చు తరువాత ఉన్న ఴ, తెలుగులో అచ్చును దాటి ముందుకు జరిగి మొదటి హల్లుతో కలిసింది. అక్కడ అది 'ర'గా మారి ప్ర అయింది. కన్నడంలో ఴ ఉన్నచోటనే 'ర'గా మారి, ఆ తరువాత పక్క హల్లులో కలిసిపోయింది. సరిగ్గా ఇదే దారిలో 'కొఴు' తెలుగులో 'క్రొవ్వు' అయింది, కన్నడంలో 'కొర్వు, కొర్బు, కొబ్బు' అయింది. తమిళ 'పఴ', తెలుగు 'ప్రాత' కూడా ఇదే వరసలోవి. తెలుగు, తమిళాలలో 'వ' ఉన్నచోట కన్నడంలో 'బ' ఉండటం కూడా మామూలే. మన వెన్న తమిళంలో వెణ్ణెయ్, కన్నడంలో బెణ్ణె.

ఇక చివరి మెట్టు. మొదటి హల్లుకు కింద ఉన్న 'ర'ను తెలుగు వాడుక చాలాచోట్ల వదిలేసింది. క్రింద కింద అయింది. ప్రొద్దు పొద్దు అయింది. ప్రాత పాత, త్రాగు తాగు, మ్రాను మాను అయ్యాయి. అలాగే క్రొవ్వు కొవ్వు అయింది. కాబట్టి 'కొవ్వు' నాటుమాట, 'క్రొవ్వు' మంచిమాట అనుకోవడానికి వీల్లేదు. రెండూ ఒకే మాటకు రెండు కాలాల రూపాలు.

ఇక్కడ విద్యార్థులు ఒక పొరపాటు చేయకుండా జాగ్రత్తపడాలి. క్రొవ్విరి, క్రొవ్వాడి వంటి మాటల్లో మొదట కనిపించే 'క్రొవ్వు'కు దీనితో సంబంధం లేదు. అవి 'క్రొత్త' అనే మాట విరి, వాడి అనే మాటలతో సమాసం కాగా ఏర్పడినవి. క్రొవ్విరి అంటే కొత్త పువ్వు. రూపం ఒకేలా ఉన్నంత మాత్రాన మాటలు చుట్టాలు కావు. రూపం వేరుగా ఉన్నంత మాత్రాన పరాయివీ కావు. కొఴుప్పు, కొవ్వుల సంగతి రెండోదానికి ఉదాహరణ.

మంచి మాట తిట్టు ఎలా అయింది?

తమిళంలో 'కొఴు'కు ఉన్న అర్థాల్లో మొదట గమనించదగినది ఏపుగా పెరగడం, సమృద్ధిగా ఉండటం. చంటిబిడ్డ బొద్దుగా ఉంటే తమిళంలో 'కొఴుకొఴు' అని ముచ్చటపడతారు. మలయాళంలో ఉత్సవం రంజుగా సాగితే, జోరందుకుంటే ఇదే ధాతువుతో చెబుతారు. అంటే ఈ కుదురు మాటకు పుట్టుకలో దోషం లేదు. నిండుదనం, పుష్టి దాని మూలార్థాలు. తిండి దొరకడమే గొప్పగా ఉన్న రోజుల్లో ఒళ్ళు నిండుగా ఉండటం అదృష్టానికి గుర్తు.

నిండుదనం పొగరుగా మారిన మలుపును పశువుల దగ్గర వెతకడం సమంజసంగా తోస్తుంది. బాగా మేసిన గిత్త కాడికి లొంగదు. పనికి కట్టకుండా మేపిన ఎద్దు కొమ్ము విసురుతుంది. దేవుడి పేర అచ్చువేసి వదిలిన ఆంబోతు ఎవరి చేలో పడినా అడిగేవాడుండడు. అందుకే విచ్చలవిడిగా తిరిగేవాణ్ణి 'అచ్చోసిన ఆంబోతు' అంటాం. సేద్యగాడికి పశువు బలం కావాలి, కానీ ఆ బలం తన చేతిలో ఉండాలి. చేయి దాటిన బలానికి అతడు పెట్టిన పేర్లే బలుపు, కొవ్వు. 'బలుపు' కూడా 'బలియు' నుంచి వచ్చినదే. 'తిన్నది అరక్క' అనే తిట్టులోనూ ఇదే లెక్క కనిపిస్తుంది. తిండి పనిలో ఖర్చు కావాలి. ఖర్చు కాకుండా మిగిలినది పొగరుగా బయటికి వస్తుంది.

మరాఠీ ప్రాంతంలో ఉన్న విద్యార్థులు 'మాజ్' అనే మాట వినే ఉంటారు. పశువు ఎదకు రావడానికి, మనిషి పొగరుకు అక్కడ అదే పేరు. హిందీలో పొగరుతో కళ్ళు కానరానివాడి గురించి చెప్పేటప్పుడు కళ్ళకు చర్బీ కమ్మిందంటారు. తమిళంలో గర్వానికి మరో పేరైన 'తిమిరు' మొదట ఒళ్ళు మొద్దుబారడం. మన 'తిమ్మిరి' దాని తోబుట్టువు. తమిళంలో అది పొగరు దాకా వెళ్ళింది, తెలుగులో కాళ్ళూ చేతుల దగ్గరే ఆగింది. కన్నడంలో 'సొక్కు' అంటే మదం, పొగరు. తెలుగులో సొక్కడమంటే పరవశించడం, మైమరచడం. ఈ మాటలన్నిటిలో ఒక పోలిక ఉంది. గర్వం ఒంటికి పట్టిన స్థితి. తిండి ఎక్కువైనా, మత్తు ఎక్కినా, ఎదకు వచ్చినా, మొద్దుబారినా ఒళ్ళు మాట వినదు.

మనసులో గర్వం, ఒంట్లో కొవ్వు

సంస్కృతం నుంచి వచ్చిన మాటల దారి కొంత వేరు. అహంకారమంటే 'నేను' అని చేసుకోవడం. సాంఖ్యదర్శనంలో అది తిట్టు కాదు, బుద్ధి తరువాత పుట్టే తత్త్వానికి పేరు. అమరకోశం గర్వం, అభిమానం, అహంకారం అనే మూడింటినీ ఒకచోట చేర్చి, ఆ వెంటనే మానమంటే చిత్తం ఉన్నతం కావడమని చెబుతుంది. ఇదంతా మనసుకు సంబంధించిన పరిభాష. ఒక్క 'మదం' మాత్రం ఏనుగు చెక్కిలి నుంచి కారే మదజలాన్ని, మత్తును కూడా చెబుతుంది కాబట్టి మన 'క్రొవ్వు'కు దగ్గరగా వచ్చింది. నిఘంటుకారులు క్రొవ్వుకు మదమని అర్థం రాయడం ఊరికే జరగలేదు.

ఈ రెండు జట్ల మాటలకు తెలుగులో పట్టిన గతి కూడా వేరువేరు. అభిమానం గర్వపు జాబితాలో నుంచి తప్పుకుని ఆత్మగౌరవానికి, ప్రేమకు పేరైంది. గర్వం కూడా సగం మంచిదైంది. పిల్లలు పరీక్ష నెగ్గితే తల్లిదండ్రులు "గర్వంగా ఉంది" అంటారు. "నాకు కొవ్వుగా ఉంది" అని మాత్రం ఎవరూ అనరు. ఈ చిన్న పరీక్షతో అసలు తేడా బయటపడుతుంది. గర్వం తన గురించి తాను చెప్పుకోదగిన మాట. కొవ్వు ఎప్పుడూ ఎదుటివాడిలోనే ఉంటుంది.

ఎవరు ఎవరిని అంటారు?

నిఘంటువు చెప్పని సంగతి ఇదే. కొవ్వెక్కిందనే మాట సాధారణంగా పైనుంచి కిందికి దిగుతుంది. కూలి పెంచమని అడిగిన పాలేరుకు కొవ్వెక్కిందన్నారు. ఎదురు చెప్పిన కోడలికి కొవ్వు పట్టిందన్నారు. చెప్పిన పని చేయని పిల్లవాణ్ణి ఒళ్ళు కొవ్వెక్కిందన్నారు. అదే తీరున భూస్వామి ప్రవర్తిస్తే దానికి వేరే మాటలున్నాయి: దర్పం, పెత్తనం, జులుం, దాష్టీకం. కొవ్వు అనే తిట్టు లోపల ఒక మాట చెప్పకుండానే చెబుతుంది: నీకు తిండి పెట్టింది నేను, అది ఎక్కువైంది. పశువును చూసి పుట్టిన మాటను మనిషికి తగిలించినప్పుడు ఆ మనిషిని కాడికి కట్టవలసినవాడిగా చూడటం అందులో ఇమిడి ఉంది.

తిండికీ ధిక్కారానికీ ముడిపెట్టే ఈ ఆలోచన మాటల్లోనే ఆగిపోదు. 1876-78 నాటి మహా క్షామాన్ని మనవాళ్ళు ధాత కరువన్నారు. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలు దానికి బలయ్యాయి. బొంబాయి రాజధానిలో షోలాపూరు వైపు కూడా కరువు పాకింది. దేశంలో మరణాలు 50 లక్షలు దాటాయని అంచనా. 1877 మొదట్లో కరువు పనుల్లో కూలి మరీ ఉదారంగా ఉందని రిచర్డ్ టెంపుల్ తగ్గించమన్నాడు. రోజంతా పనిచేసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానికి తోడు ఒక అణా చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ ఈ తిండితో మనిషి బతకడని అభ్యంతరం చెప్పాడు. బొంబాయి వైపు కూలీలు పనులు వదిలి వెళ్ళిపోయారు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కూలి పెంచక తప్పలేదు. ఆ అధికారులు మన తెలుగు మాట వాడారని చెప్పడం లేదు. కడుపు నిండితే కూలివాడు చెప్పినట్టు వినడన్న భయం, కొవ్వెక్కిందన్న తిట్టులోని భయం, రెండూ ఒక జాతివేనని మాత్రం చెప్పవచ్చు.

ఇక్కడ దూరదేశపు మాట ఒకటి పోల్చి చూడదగింది. ప్రాచీన గ్రీకులో మితిమీరిన గర్వానికి 'హుబ్రిస్' అని పేరు. క్రీ.పూ. 6వ శతాబ్దికి చెందిన ఏథెన్సు కవి, శాసనకర్త సోలోన్ వెగటు పుట్టేంత నిండుదనం నుంచి హుబ్రిస్ పుడుతుందన్నాడు. నిండుదనం నుంచి పొగరు అన్న మన లెక్కకు ఇది చాలా దగ్గర. కానీ ఏథెన్సు చట్టంలో ఆ మాట ఇంకో దారి పట్టింది. ఎదుటివాణ్ణి అవమానించాలని చేసే దౌర్జన్యం అక్కడ హుబ్రిస్ అనే నేరం. లాభం కోసం కాక, తాను పైవాడినన్న సంతోషం కోసం ఇంకొకరిని సిగ్గుపరచడమని అరిస్టాటిల్ దాన్ని వివరించాడు. బానిస మీద చేసినా అది నేరమే. బాధితుడే కాదు, పౌరుడెవరైనా ఫిర్యాదు చేయవచ్చు. ఆచరణలో ఎంత అమలైందన్నది వేరే ప్రశ్న. చట్టం మాటల్లోనైనా అది బలవంతుడి వైపు వేలు చూపింది. మన కొవ్వు ఎక్కువగా బలహీనుడి వైపే చూపింది.

తిట్టు తిరగబడినప్పుడు

మాటలు ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉండవు. స్నేహితులు ఒకరినొకరు "నీకు కొవ్వురా" అనుకున్నప్పుడు అందులో కోపం ఉండదు, చనువు ఉంటుంది. తమిళంలో కొఴుప్పునూ అదే చనువుతో వాడతారు. సినిమా పేర్లలో మార్పు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2006లో తమిళంలో వచ్చిన 'తిమిరు' తెలుగులోకి డబ్బింగ్ అయినప్పుడు 'పొగరు' అయింది. 2013లో తెలుగులో 'బలుపు' వచ్చింది. 2021లో కన్నడంలో 'పొగరు' వచ్చింది. ఒకప్పుడు కిందివాణ్ణి అణచడానికి వాడిన మాటలను ఇప్పుడు కథానాయకుడు రొమ్ము విరిచి తన పేరుగా పెట్టుకుంటున్నాడు. తలవంచనివాడికి పొగరని పేరు పెట్టినవారికి, తలవంచనివాడే ఆ పేరును తిరిగి అప్పగిస్తున్నాడనుకోవచ్చు. అయితే ఈ గౌరవం ఇంకా కొవ్వు దాకా రాలేదు. కూలివాడి కొవ్వు గురించీ, కోడలి కొవ్వు గురించీ ఊళ్ళలో మాట పాత అర్థంలోనే నడుస్తోంది.

ఈ పరిశీలనలో ఆంధ్ర, తెలంగాణలకు వెలుపల ఉన్న విద్యార్థుల పాత్ర చిన్నది కాదు. రెండు భాషలు కలిసిన చోట పెరిగినవారి తెలుగును కల్తీ తెలుగని తక్కువచేసి మాట్లాడటం మనం వింటూనే ఉన్నాం. కానీ కొఴుప్పు, కొబ్బు, కొవ్వు ఒకే ఇంటి పిల్లలని గుర్తుపట్టడానికి ఆ రెండు భాషల చెవే కావాలి. మీ ఇంట్లో పెద్దలు గర్వానికి ఏ మాట వాడతారో రాసుకోండి. గంజాం, రాయగడ వైపువారు ఒడియా నుంచి వచ్చిన మాటలను, చంద్రపూరు, షోలాపూరు వైపువారు మరాఠీ మాటలను, యానాంవారు గోదావరి మాటలను చేర్చవచ్చు. మాటా అర్థమూ రాసి ఆపవద్దు. ఎవరు, ఎవరిని, ఏ సందర్భంలో అన్నారో కూడా పక్కన రాయండి. నిఘంటువులు ఇంతవరకు ఖాళీగా వదిలిన గడి అదే.